గోళ్ళరంగు గుర్తు

తులశమ్మ చావునకు కారకుఁడు ఆమె తోడఁబుట్టిన ఓబులేసు. ఆమె మగఁడైన కేశవయ్యకు ఈ విషయమున సందేహము లేదు. ప్రొద్దు తూర్పున పొడుచునని చెప్పినంత నిబ్బరముగా అతఁడు పదునొకండు మాసములనుండి ఈ మాట చెప్పుచుండెను. నమ్మినవారు నమ్మిరి. నమ్మనివారితో అతఁడు మాటలు మానుకొనెను.

జ్యేష్ఠమాసము. మార్కాపురపు పలకగనుల చెంత పేరుకొనిన వ్యర్థశిలాశకలరాశులు మధ్యాహ్నమార్తాండుని చండకిరణములకు కాఁగి కాఁగి సెగలు గ్రక్కుచుండఁగా పడమటనుండి వీచు వడగాలి ఆ నల్లని శిలాధూళిని పిడికిళ్ళతో ఎత్తి వీధులపై చల్లుచు తలుపులను తట్టుచు రేకుల కప్పులను దడదడలాడించుచు ఒక్కచోట నిలువక పట్టణమంతయు కలయఁదిరుగుచుండెను. కుక్కలు మురుగుకాలువలలో పండుకొనెను. మనుష్యులు తలుపులు మూసికొనిరి. కేశవయ్య యొక్కఁడే తన పెరటి రేకులపంచలో ఆ గాలికంటె అశాంతుఁడై కూర్చుండుచు లేచుచు చేతిలోని పానాను దించుచు మరల నెత్తుచు ఇంజను విప్పిన కారుచుట్టు తిరుగుచుండెను.

నిరుటి ఆషాఢమున ఒకనాఁటి యుదయమున తులశమ్మకు గుండెనొప్పి వచ్చెను. కేశవయ్య ఆమెను ఈ కారులోనే కూర్చుండఁబెట్టుకొని ఒంగోలు వైద్యశాలకు బయలుదేఱెను. పొదిలి దాఁటిన పిమ్మట ఇంజను కీచుమని యఱచి ఆఁగిపోయెను. చెంత ఊరు లేని ఆ మార్గమున ఆమెను కారులో విడిచి అతఁడు దూరముగా పోయి వచ్చుపోవు బండ్లకెల్ల చేతులెత్తి మ్రొక్కెను. గంటసేపటికి ఒక లారీ యాఁగెను. వైద్యశాల మెట్లయొద్ద తులశమ్మ ప్రాణము విడిచెను.

ఇంజనులోని పైచక్రమును క్రిందిచక్రమును ఒక్కతాళమున త్రిప్పు పండ్లబెల్టు తెగినదని మఱునాఁడు తెలిసెను. ఆ బెల్టును నాలుగు మాసములకు ముందే మార్చితినని చెప్పినవాఁడు కంభము రోడ్డులో లారీలు బాగుచేయు ఓబులేసు. క్రొత్త బెల్టు నాలుగు మాసములకు తెగదు. కావున వాఁడు మార్చలేదు. కేశవయ్య తీర్పు ఇంతే. కర్మాంతరము ముగిసిననాఁడు బంధువులందఱి యెదుట అక్కను చంపినవాఁడవు నీవే యని పలికి అతనిని గడప దాఁటించెను. మార్చితిని బావా యని ఒక్కమాట చెప్పి ఓబులేసు తల వంచుకొని వెడలిపోయెను. ఆనాఁటినుండి వాని దుకాణమునకు బండ్లు తగ్గెను. చుట్టములు వానియింటి శుభములకు పోవుట మానిరి.

ఇప్పుడు సంవత్సరీకము సమీపించెను. పుట్టినింటివాఁడు లేక ఆమెకు తిథి పెట్టుట తగదని పెద్దలు వచ్చి చెప్పిరి. కేశవయ్య కూర్చుండక నిలువఁబడియే వారికి బదులు చెప్పెను.

"ఇంజను నా చేత్తో విప్పుతా. నా చేత్తోనే బాగుచేస్తా. ఆ పాత బెల్టు మీ అందరి ముందర పెడతా. అది చూసి గూడ వాణ్ణి పిలవమంటే పిలుస్తా."

పెద్దలు ఒప్పుకొనిరి. ఓబులేసు మానమంతయు ఇఁక ఆ బెల్టుమీఁదనే నిలిచెను.

కేశవయ్య చదువు పల్లెబడిలో అయిదవతరగతితో ముగిసినను పలకలు కోయు యంత్రములతో ముప్పదియేండ్లు పెనఁగిన యతని చేతులకు ఇనుము లొంగును. మూఁత విప్పఁగానే తెగిన బెల్టు నల్లని జిడ్డులో పాముకుబుసమువలె వ్రేలాడుచుండెను. అతఁడు దానిని పరికింపనైన పరికింపక గోనెగుడ్డలో మూట కట్టి సాక్ష్యమని వసారా కొక్కెమునకు తగిలించెను. తీర్పు ముందే చెప్పినవానికి సాక్ష్యమును చూడ నవసరము లేదు.

అటుపిమ్మట ఇంజను తల దించెను. తాళము తప్పిన పిస్టనులు పైకెగసి మోఁదఁగా పదునాఱు వాల్వులలో ఎనిమిది వంగియుండెను. క్రొత్త వాల్వులు తెప్పించి గరుకుముద్ద పూసి కఱ్ఱపిడి తగిలించి రెండఱచేతులనడుమ కవ్వమును త్రిప్పినట్లు త్రిప్పి త్రిప్పి ఒక్కొక్క వాల్వును దాని గూటిలో నూఱెను. కిరసనాయిలు పోసి చూచెను. ఒకదానియందు చుక్క కాఱెను. దానిని మరల నూఱెను. కాఱుట నిలిచినను నమ్మక ఇంకొకమాఱు పోసి చూచెను.

పొరుగున మస్తాను అను ముదుసలి యుండెను. అతఁడు పూర్వము లారీ నడపినవాఁడు. పక్షవాతమున ఎడమకాలు పడిపోయినను అతని నోరు పడిపోలేదు.

"ఏందన్నా, వాల్వులు రుద్దతన్నావా, బలపం పెట్టి దిద్దతన్నావా?" అని ప్రహరిగోడ మీఁదుగా పలుకరించెను.

"నీ పని చూసుకో మస్తానూ."

"నాకు పనేముండాది? నిన్ను చూడటమే పని. ఆ బోల్టు పొద్దున్నుంచి నాలుగుసార్లు బిగించినావు. అది దొంగ గాదన్నా, పారిపోదు."

"దొంగను గూడ బిగిస్తా. చూస్తా ఉండు."

"ఓబులేసు దొంగైతే నా లారీ ఇరవయ్యేండ్లు ఎట్టా తిరిగిందన్నా?"

కేశవయ్య వీపు త్రిప్పెను. ఆ బోల్టును అయిదవసారి బిగించెను.

పదియవనాఁటికి ఇంజను తల స్వస్థానము చేరెను. మఱునాఁడు పెద్దలు రావలెను. ఇఁక బెల్టు తొడుగుట మిగిలెను. రెండు చక్రముల గుర్తులును తమతమ గీఁతలకు సరిగా నిలిచినఁగాని బెల్టు తొడుగరాదు. ఒక్క పన్ను తప్పినను వాల్వులు మరల వంగును. త్రుప్పును జిడ్డును క్రమ్మి ఆ గుర్తులు కానరాకుండెను. కేశవయ్య గుడ్డను కిరసనాయిలులో ముంచి పైచక్రమును తుడిచెను. నలుపు వదలెను. దానిక్రింద ఎఱ్ఱని చుక్క యొకటి కనఁబడెను. క్రిందిచక్రమును తుడిచెను. అందును ఎఱ్ఱని చుక్క.

పాత బెల్టు విప్పుటకుముందు గుర్తులు చెదరకుండ మరమ్మతువాఁడు చక్రములపై పెట్టుకొని క్రొత్త బెల్టుమీఁదికిని దింపుకొను చుక్కలవి. అయినను అవి పెయింటు చుక్కలు కావు. అతఁడు గోటితో గీఁకి చూచెను. సన్నని తళుకు గల ఎఱుపు. గోళ్ళరంగు.

ఒకప్పుడు తులశమ్మ ఒక పెండ్లికి పోవుచు గోళ్ళకు ఆ రంగు వేసికొనెను. యాభైయేండ్ల దానికి గోళ్ళకు రంగేమిటని కేశవయ్య పదిమందిలో నవ్వెను. ఆనాఁటి సాయంకాలమే ఆమె బ్లేడుతో దానిని గీఁకివేసెను. సీసా పాఱవేసినదని అతఁడనుకొనెను. పాఱవేయలేదు. మగఁడెఱుఁగకుండ దాఁచుకొనెను. తమ్ముఁడు బెల్టు మార్చవచ్చి గుర్తు పెట్టుటకు రంగడిగిననాఁడు దానిని తెచ్చి యిచ్చెను.

కేశవయ్య వసారాకు పరుగెత్తి మూట దించెను. ముడి ఊడలేదు. కొడవలితో కోసెను. బెల్టును కిరసనాయిలులో కడిగెను. దాని వీపుమీఁద రెండెఱ్ఱచుక్కలు. చక్రములపై పెట్టి చూడఁగా చుక్కకు చుక్క సరిపోయెను. పండ్లొక్కటియు అరుగలేదు. అచ్చువేసిన యక్షరములైనను చెరుగలేదు. ఒక అంచు మాత్రము కత్తితో చెక్కినట్లు పొడవునను చెక్కుకొనిపోయి అచ్చటనే తెగియుండెను.

బెల్టు క్రొత్తదే. దానిని చెక్కిన దేది? ఆ బెల్టును బిగువుగా నొత్తిపట్టు రోలరు చక్రముల ప్రక్కన నుండెను. దానిని బొటనవ్రేలితో త్రిప్పెను. అది తిరుగలేదు. రెండు చేతులతో పట్టి త్రిప్పెను. తిరుగలేదు. లోపలి గుండ్లు మాడి బిగిసి ఇనుము నీలిరంగుకు తిరిగియుండెను.

అప్పుడతనికి మఱచిన మాట యొకటి జ్ఞప్తికి వచ్చెను. గనిలో నున్న తనకు తులశమ్మ ఫోను చేసిన నాఁటి మాట.

"రోలరు గరగరమంటందంట. బెల్టుతో పాటు అది గూడ మార్చాలంటన్నాడు తమ్ముడు."

"తిరగతా ఉందా లేదా?"

"తిరగతానే ఉందంట."

"తిరిగేదాన్ని మార్చేదేంది? మీవాడికి పని కావాల. దాన్నే బిగియ్యమను."

కేశవయ్య పంచలో నిలువలేకపోయెను. వీధిలోనికి పోయి వడగాలి మొగమున కొట్టఁగా మరలి వచ్చెను. కారులో కూర్చుండెను. దిగెను. కడవనుండి నీళ్ళు ముంచి త్రాగక పాఱఁబోసెను. ఎఱ్ఱచుక్కలు తుడిచివేసిన చాలును. గుడ్డ చేతిలోనే యున్నది. పాత బెల్టును పొయ్యిలో వేసిన ఎవ్వరికిని తెలియదు. అతఁడు గుడ్డను చక్రముదాఁక తీసికొనిపోయెను. అచ్చట చేయి యాఁగెను. ఆ చుక్క యెండుచుండఁగా గోళ్ళపై నూఁదినట్లే నూఁదినది ఎవరో యతఁడెఱుఁగును.

గుడ్డ పాఱవేసి గోడయొద్దకు పోయెను.

"మస్తానూ, ఓబులేసుకు ఫోను చెయ్యి. రోలరు కావాలని చెప్పు."

మస్తాను గోడమీఁదికి ఇంకను వంగెను. "తిట్టడానికి పిలస్తన్నావా అన్నా?"

"రోలరు కావాలంటి గదా. చెవుడా?"

ప్రొద్దు వ్రాలకమునుపే ఓబులేసు వచ్చి వాకిటి బయటనే నిలిచెను. పదునొకండు మాసములలో అతని తల సగము నెఱసియుండెను. అతని చేతిలో కాగితపు పెట్టెయొకటి. దాని రంగు వెలసి అంచులు నలిగియుండెను.

"అప్పుడు బెల్టుతో తెచ్చిందే బావా," అనెను. "వద్దంటివి గదా, అట్నే ఉండిపోయింది."

కేశవయ్య పెట్టె నందుకొనెను. పంచవైపు నడిచెను. ఓబులేసు వెంట నడిచెను. ఒకరు చక్రములను ఎఱ్ఱచుక్కలచెంత కదలకుండ పట్టిరి. ఒకరు రోలరును బిగించి బెల్టు తొడిగిరి. ఇంజనును చేతితో రెండు పూర్ణావర్తములు త్రిప్పి చూచిరి. ఎక్కడను తగులలేదు. చుక్కలు మరల తమచోటికే వచ్చెను. కేశవయ్య తాళపుచెవి త్రిప్పెను. పదునొకండు మాసములు మూగవోయిన ఇంజను దగ్గి పొగ విడిచి పలికెను.

ఆ సవ్వడి చాటున ఓబులేసు మెల్లగా నోరు విప్పెను.

"ఆ పొద్దు కారులోనుంచి అక్క ఫోను చేసింది బావా. నువ్వు రోడ్డు మీద బండ్లు ఆపతా ఉంటివి. కీచుమని అరిచి ఆగిందిరా అనె. రోలరే అక్కా అంటి. ఆ మాట మీ బావకు ఎప్పుడూ చెప్పొద్దురా అనె, చెప్తే ఆ మనిషి..."

"చాలు."

కేశవయ్య ఇంజను ఆర్పెను. గోడమీఁద మోచేతులాన్చి మస్తాను వినుచుండెను. కేశవయ్య అతనికిని వినఁబడునట్లు పలికెను.

"బెల్టు ఓబులేసు మార్చినాడు. రోలరు వద్దన్నది నేను. మీ అక్క చావు నా చేతిది. రేపు పెద్దోళ్ళ ముందర ఈ మాట ఒక్కసారి చెప్తా. తిథికి నువ్వు రావాల. ఆ తర్వాత ఈ సంగతి నేనెత్తను. నువ్వెత్తినా వినను. ఎవరెత్తినా లేచిపోతా."

ఓబులేసు కన్నులు తుడుచుకొనెను. "నా మీద కోపం పోయినట్టేనా బావా?"

కేశవయ్య పానాలను ఒక్కటొక్కటిగా తుడిచి పెట్టెలో పెట్టుచుండెను. తల యెత్తలేదు.

"ఎత్తనని చెప్పినా గదా."