ఐదు పాయింట్ రెండు

మూడో గుంటలో రొయ్య మొత్తం పోయిందని గుంటల యజమాని నరేంద్రబాబు ఫోన్ చేసేసరికి వాణి ఇంకా పళ్ళు కూడా తోముకోలేదు. ఉదయం ఆరున్నర. ఇంకో పది రోజుల్లో పట్టవలసిన సరుకంతా తెల్లగా పాలిపోయి గట్టుకు కొట్టుకొచ్చిందని ఆయన ఒక్క గుక్కలో చెప్పాడు. తిట్టలేదు. అందుకే ఆమెకు భయం వేసింది. చివర్లో ఇంకో మాట అన్నాడు. మిషన్ రాత్రంతా ఆక్సిజన్ బాగుందనే చూపించింది కాబట్టి ఇది ఎవరో నీళ్ళలో పురుగుమందు కలిపిన పనేనట. రాత్రి రీడింగులన్నీ ప్రింటు తీసుకుని చిట్టమూరు అవతల గుంటల దగ్గరికి వెంటనే రమ్మన్నాడు.

ఆ మిషన్ వాణి చేతి పని. నాయుడుపేటలో ప్రింటర్లు, ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే ఒంటిగది కొట్టు ఆమెది. తిండి పెట్టేది ఆ కొట్టే అయినా, ప్రాణం మాత్రం ప్రోగ్రాముల మీద. అదీ పాస్కల్‌లో. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న ఆ భాషను పదిహేనేళ్ళుగా వదల్లేదు. పాస్కల్ ఇంకా బతికే ఉందా అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే, మీరు నేర్చుకున్నవన్నీ పోయాక కూడా ఉంటుందని ఎదురు చెప్పేది. కొంచెం పొగరు మనిషి. పని వచ్చినవాళ్ళకు ఆ మాత్రం పొగరు ఉంటే తప్పేముందిలే అని అందరూ సర్దుకుపోయేవాళ్ళు.

మిషన్ సంగతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. గుంట నీళ్ళలో ఒక మీటరు వేలాడుతూ ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో నిమిషానికోసారి వైరు గుండా కంప్యూటర్ సీరియల్ పోర్టుకు పంపుతుంది. వాణి ప్రోగ్రాం ఆ అంకెను చదివి షెడ్డులో తెర మీదా, నరేంద్రబాబు ఫోన్‌లోనూ చూపిస్తుంది. నాలుగు కంటే తగ్గితే సైరన్ మోగుతుంది. కావలి మనిషి పరుగెత్తి మిగతా ఏరియేటర్లు కూడా వేస్తాడు. అవి నీళ్ళను చిలికి గాలి ఎక్కిస్తాయి, రొయ్య బతుకుతుంది.

రెండేళ్ళు అది విండోస్ మీద నడిచింది. ఉప్పుగాలికి ఆ పాత కంప్యూటర్ తుప్పుపట్టి మూలపడితే, అరచేతిలో పట్టే చిన్న లినక్స్ పెట్టెలోకి మార్చింది. అదే పాస్కల్, అదే కోడు. పది లైన్లు కూడా మార్చకుండా అక్కడ నడిచింది ఇక్కడా నడిచిందని వారం రోజులపాటు కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంది. నిజంగానే గొప్ప. కానీ ఒక చిన్న తేడా ఆమె చూసుకోలేదు. విండోస్ ఆ వైరుకు ఒకసారి ఒక నంబరు ఇచ్చిందంటే మళ్ళీ ఎప్పుడు తగిలించినా అదే నంబరుతో పిలిచేది. లినక్స్‌కు ఆ పట్టింపు లేదు. ఏరియేటర్ల పెద్ద మోటార్లు ఒక్కసారిగా అందుకున్నప్పుడు ఆ దెబ్బకు కనెక్షన్ ఒక్క క్షణం పోయి వస్తే, ఎవరో కొత్తవాళ్ళు వచ్చారనుకుని ఇంకో నంబరు ఇచ్చేది. ప్రోగ్రాం సున్నా నంబరు దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటే, మీటరు ఒకటో నంబరులో మాట్లాడుతూ ఉండేది.

మొదట్లో, ఏమీ చదవలేకపోతే తెర ఖాళీ అయి సైరన్ మోగేట్టు రాసింది. వారంలో ఆరుసార్లు మోగింది. రొయ్య నిక్షేపంగా ఉండేది, సైరన్ మాత్రం చెవులు చిల్లులు పడేట్టు అరిచేది. నెల్లూరులో నిద్రపోయే నరేంద్రబాబు ఫోన్ కూడా దానితోపాటే అరిచేది. పిల్లల పరీక్షల కాలం. ఏం చేస్తావో నాకు తెలియదు, ఆ గోల మాత్రం ఆగాల అన్నాడు ఆయన.

సరైన పద్ధతి ఆమెకు తెలుసు. నంబరు ఏది వచ్చినా ఆ వైరును ఒకే పేరుతో పిలవమని లినక్స్‌కు నేర్పాలి. అందుకు గుంట దగ్గర ఒక పూట కూర్చుని మోటార్లు వేసి, ఆపి, చూసుకోవాలి. ఆ వారం వెంకటాచలంలో రైసుమిల్లు కాటా పని ఒకటి నెత్తిమీద ఉంది. అందుకని ఇంట్లో కూర్చునే ఒక్క లైను చేర్చింది. చదవలేకపోతే, పోయినసారి చదివిన అంకెనే చూపించమని. దాని పక్కన, ఇది తాత్కాలికం, ఆదివారం సరిచేయాలి అని తన కోసం రాసుకుంది. ఆదివారాలు మూడు వచ్చి వెళ్ళాయి.

ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్ తెరిచి, గుంట దగ్గర ఉన్న లినక్స్ పెట్టెలోకి వెళ్ళి రాత్రి రీడింగులు చూసింది. ఒంటిగంటా పద్నాలుగు నిమిషాల నుంచి తెల్లవారేదాకా, ఒక్క నిమిషం తేడా లేకుండా, ఐదు పాయింట్ రెండు. బతికున్న నీళ్ళు పది నిమిషాలు కూడా ఒక అంకె మీద నిలబడవు. తర్వాత ఏం చేసిందో ఆమెకే సరిగా తెలియదు. తప్పు కనపడగానే దిద్దడం చేతులకు అలవాటు. ఆ లైను తీసేసింది. మోటార్లు వేసి చూసుకోవడం తప్ప, ఆదివారం చేయాల్సిన పనంతా పన్నెండు నిమిషాల్లో చేసింది. కంపైల్ చేసి, పాత ప్రోగ్రాం మీదే కొత్తది ఎక్కించింది. అది అలవాటేనా, ఎవరూ చూడకముందే తుడిచేద్దామన్న భయమా అని అడిగితే, రెండూ. ఆ మాట తనతో తాను ఒప్పుకోవడానికి ఆమెకు నాయుడుపేట నుంచి గుంటల దాకా స్కూటర్ మీద పోయినంత సేపు పట్టింది.

గట్టు మీద పదిహేను మంది దాకా ఉన్నారు. చచ్చిన రొయ్య వాసన అప్పుడే మొదలైంది. మధ్యలో కుర్చీలో పద్మనాభయ్య ఉన్నాడు. చుట్టుపక్కల గుంటలవాళ్ళకు ఏ తగాదా వచ్చినా తీర్చే పెద్దమనిషి. ఎదురుగా తువ్వాలు చేతిలో నలుపుకుంటూ పోలేరయ్య నిలబడి ఉన్నాడు. ఆ గుంటల కావలి మనిషి. దొరవారిసత్రం వైపు పులికాట్ ఒడ్డున పుట్టి, ముప్పై ఏళ్ళు సరస్సులో వల వేసి, చేప తగ్గిపోయాక భార్య కామాక్షమ్మతో వచ్చి ఈ షెడ్డులో ఉంటున్నాడు. నాలుగేళ్ళయింది. నీళ్ళ రంగు చూసి రేపు ఏమవుతుందో చెప్పేవాడు. మిషన్ వచ్చాక ఎవరూ అడగడం మానేశారు.

జరిగింది ఆయన అప్పటికే మూడుసార్లు చెప్పాడట. రెండు గంటలప్పుడు రొయ్య తేలడం చూశాడు. గట్టు వెంట మీసాలు పైకి పెట్టి గాలికి తన్నుకుంటోంది. షెడ్డులోకి వెళ్ళి చూస్తే తెర మీద ఐదు పాయింట్ రెండు. అయినా మనసు ఒప్పక నరేంద్రబాబుకు ఫోన్ చేశాడు. ఆయన తన ఫోన్‌లో చూసుకుని, మిషన్ కంటే నీకెక్కువ తెలుసా, పడుకో అన్నాడు. సైరన్ మోగకుండా, యజమాని చెప్పనిదే మిగతా ఏరియేటర్లు వేసే హక్కు పోలేరయ్యకు లేదు. పడుకోకుండా లైటు పట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు. నాలుగింటికి తన్నుకోవడం కూడా ఆగిపోయింది.

"ఆక్సిజన్ ఐదు పైన ఉంటే రొయ్య ఎట్టా చస్తాదన్నా? మందు పడాల. ఈయనకు తెలవకుండా గుంట కాడికి ఎవురొస్తారు?" అని నరేంద్రబాబు పద్మనాభయ్యను అడిగాడు. లెక్క ఎంత చక్కగా ఉందో చూడండి. అంకె నిజమైతే ఇంకేదో అబద్ధం కావాలి. అక్కడ అబద్ధం కాగలిగినవాడు పోలేరయ్య ఒక్కడే. పోలీసు కేసు పెట్టే మాట కూడా అప్పటికే గాలిలో ఉంది.

వాణి తెచ్చిన కాగితాలు ఎవరికీ ఇవ్వలేదు.

"మందేం లేదన్నా. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది. ఒంటిగంట నుంచి అది మీటరును చదవనే లేదు. పాత అంకెనే చూపించింది" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. వైరు సంగతి, నంబరు సంగతి, ఆ ఒక్క లైను సంగతి విడమరిచి చెప్పింది. పద్మనాభయ్య సగం దాకా శ్రద్ధగా విని, ఇదంతా మాకు అర్థమయ్యేది కాదు, చూపించగలవా అన్నాడు. న్యాయమైన మాటే. షెడ్డులోకి వెళ్ళి ఆమె అందరూ చూస్తుండగా వైరు లాగేసింది.

తెర ఖాళీ అయింది. సైరన్ మోగింది.

"బాగానే అరస్తా ఉండాది గదమ్మా" అన్నాడు పద్మనాభయ్య.

పొద్దున తాను సరిచేశానని, రాత్రి ఉన్న ప్రోగ్రాం ఇది కాదని వాణి చెప్పింది. తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది. పాతది ఏదని అడిగారు. లేదు, దాని మీదే కొత్తది ఎక్కించాను అంది. పది నిమిషాలు ఇస్తే మళ్ళీ అట్లాగే రాసి చూపిస్తానంది.

"అంటే నువ్వు ఎట్టా చెప్పమంటే అది అట్టా చెప్తాదన్నమాట" అన్నాడు నరేంద్రబాబు మెత్తగా.

ఒంటిగంటా పద్నాలుగుకు వైరు తెగి మళ్ళీ అంటుకుందని లినక్స్ తనంతట తాను రాసుకున్న రెండు లైన్లు ఆమె ఫోన్‌లో చూపించింది. ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాలు. ఆ చీమల కిందే ఇంకో లైను కూడా ఉంది, పొద్దున ఆరూ నలభైకి వాణి అందులోకి వెళ్ళినట్టు. నరేంద్రబాబు వేలు సరిగ్గా దాని మీదే ఆగింది. సైరన్ ఆపమని మీరే చెప్పారు గదన్నా అని ఆమె ఆఖరికి అనేసింది. ఏ సైరనమ్మా, ఇందాక మోగింది అదే గదా అన్నాడాయన. అర్థం కానట్టు ఉండటానికి కూడా తెలివి కావాలి. నరేంద్రబాబుకు అది దండిగా ఉంది. రాత్రి రెండు గంటల ఫోనును, పడుకో అన్న తన మాటను మోయడం కంటే మందు కథను నమ్మడం ఆయనకు సుఖం.

"మంచి మనసమ్మా నీది. పేదోడి మీద జాలితో నింద నెత్తినేసుకుంటా ఉండావు" అన్నాడు పద్మనాభయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆమె తాగింది కూడా. అట్లా తాగినందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకుంది.

తీర్పు త్వరగానే అయిపోయింది. ఈ అమ్మాయి ఇంతగా అడుగుతోంది కాబట్టి పోలీసుల దాకా పోవద్దు. పోలేరయ్య మధ్యాహ్నానికల్లా షెడ్డు ఖాళీ చేయాలి. మందు పడిన గుంటకు కావలి ఉన్నవాడని చుట్టుపక్కల గుంటలవాళ్ళకు చెప్పక తప్పదు. పోలేరయ్య సరే బాబూ అన్నాడు. వాణి నిజం చెప్పి ఆయనకు సంపాదించి పెట్టింది అదీ. వెళ్ళేటప్పుడు నరేంద్రబాబు, నాలుగో గుంటకు కూడా ఒక మిషన్ పెట్టాలమ్మా, వచ్చే వారం చూద్దాం అన్నాడు.

అందరూ వెళ్ళాక ఆమె షెడ్డు వెనక్కి వెళ్ళింది. పోలేరయ్య మంచం నవారు విప్పుతున్నాడు. మీరు చూసిందే నిజం, రొయ్య తేలింది అని ఆయనకైనా చెప్పాలని వెళ్ళింది. చెప్పింది. ఆయన నవారు చుట్టడం ఆపలేదు.

"నా కండ్లకే పొర కమ్మినట్టుండాది పాపా. తేలినట్టు అనిపించింది. తేలుంటే ఆ మిషన్ చెప్పదా? వయసైపోయింది నాకు."

"లేదన్నా. ఒట్టు. మిషనే తప్పు."

"ఊరుకో. నాకోసరం ఇంకా చెప్పబాక. నీ పని కూడా పోతాది" అని ఆయన జాలిగా నవ్వాడు. నీళ్ళను చూసి మాట్లాడే మనిషి, ఒక అంకె మాట నమ్మి తన కళ్ళను కాదనుకున్నాడు. ఆ అంకె వాణిది. ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది, ఒళ్ళంతా మంట పెట్టినట్టు.

కామాక్షమ్మ గిన్నెలు మూట కడుతోంది. ఆటో వచ్చిందేమో చూడమని మొగుణ్ణి బయటికి పంపించి, మూట ముడి బిగించి, అప్పుడు తల ఎత్తింది.

"నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు పాపా. ఈయనకు నీళ్ళు తప్పుగా కనపడవు" అంది. ఆ మాటకు వాణికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఒక్క మనిషైనా నమ్మింది. దగ్గరికి ఒక అడుగు వేసింది.

"అయితే మిషన్లో తప్పు కడిగేసినాక చెప్పినావు. కడగకముందు చెప్పుంటే ఈయన్ని తలెత్తుకోని తీసకపోయేదాన్ని."

గొంతులో కోపం లేదు. బయట ఆటో ఆగింది. మూట బరువుగా ఉంది, వాణి వంగి ఒక చెయ్యి వేయబోయింది. కామాక్షమ్మ వేయనివ్వలేదు.