దీవిలో పెళ్లిచూపులు

రెండుసార్లు పెళ్లిచూపుల్లోంచి లేచి వెళ్లిపోయాను. ఒకసారి బెజవాడ హోటల్లో, కాఫీ రాకముందే. ఇంకోసారి గుడివాడలో మా ఇంట్లోనే, పెరటి గుమ్మంలోంచి స్కూటీ మీద. అందుకని మూడోసారి నన్ను చుట్టూ నీళ్లున్న చోట కూర్చోబెట్టారు. మా నాన్న శోభనాద్రిది బుర్రంటే బుర్రే!

నాకు ప్రేమా గీమా ఏం లేవు. పెళ్లి చేసుకోవాలని లేదు, అంతే. ఆ ముక్క మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కదు.

నాన్న రమ్మంటే హైదరాబాదు నుంచి కదిలేదాన్నే కాదు. అమ్మ ఫోన్ చేసింది. "శ్రీలేఖా, బందరు బీచ్ చూసి చూసి విసుగొచ్చిందే. నాగాయలంక అవతల ఏదో దీవి ఉందిట. మోకాళ్లు పూర్తిగా పడిపోకముందే ఒక్కసారి చూడాలనుంది. నువ్వు కూడా రావే," అంది.

మా అమ్మ ఇందిర తనకోసం ఏదీ అడగని మనిషి. చీరల కొట్లో కూడా 'నాకెందుకులే' అనే రకం. అలాంటిది నోరు తెరిచి అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే లీవు పెట్టేశాను.

పొద్దున్నే ముగ్గురం గుడివాడ నుంచి కారులో బయల్దేరాం. కూచిపూడిలో టిఫిన్ తిన్నాం. నాన్న ఎన్నడూ లేనిది జోకులు కూడా వేశాడు. నాగాయలంక రేవులో భూషణం అనే ఆయన తన ఇంజను పడవలో ఎక్కించుకున్నాడు. మడచెట్ల మధ్యనుంచి వెళ్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఎంత బాగుందే!" అంది. నేను చిన్నపిల్లలా మురిసిపోయాను, నా మొహం మండ!

దిగేసరికి అక్కడ ఇంకో పడవ ఉంది. సరుగుడు చెట్ల కింద చాపలు పరిచి ఉన్నాయి. పట్టుచీరలో ఒకావిడ, తెల్లచొక్కాలో ఒక పెద్దాయన, ఫోనుకి సిగ్నల్ వెతుక్కుంటూ ఒక కుర్రాడు, మధ్యలో పళ్లబుట్ట. పిక్నిక్కి పట్టుచీర ఎవరు కట్టుకొస్తారండీ?

"భూషణం గారూ, నన్ను వెనక్కి దింపేయండి," అన్నాను.

"ఇప్పుడెక్కడికమ్మా? పాటు తీసి నీళ్లు వెనక్కి పోతున్నాయి. దార్లో నీళ్లు చాలక బురదలో కూరుకుపోతాం. సాయంత్రం పోటెక్కాకే కదలడం," అన్నాడాయన.

పాపం అమ్మకి కూడా తెలీదేమోనని ఆశపడి వెనక్కి తిరిగాను. అమ్మ అప్పటికే సంచి తెరిచింది. పులిహోర డబ్బా కింద నా పట్టుచీర, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు. ఇస్త్రీ చేయించి మరీ తెచ్చింది మహాతల్లి. నాన్న మీద కోపం కూడా రాలేదు నాకు. ఆయన సంగతి తెలిసిందే. అమ్మని చూస్తే మాత్రం కడుపు రగిలిపోయింది.

చీర కట్టుకోలేదు. జీన్స్ ప్యాంటుతోనే వెళ్లి చాప మీద కూర్చున్నాను. కాసేపటికి మమ్మల్నిద్దర్నీ అలా నడిచి రమ్మన్నారు. కుర్రాడి పేరు కిరణ్.

"నాకు ఇష్టం లేదండీ. నన్ను మోసం చేసి తీసుకొచ్చారు," అన్నాను.

"అయ్యో, అలాగా! మీరేం కంగారు పడకండి. నచ్చలేదని నేనే చెప్పేస్తాను. మీకు మాట రాదు," అన్నాడు.

ఎంత మంచివాడో అనుకున్నాను. వెనక్కి వచ్చాక వాళ్లమ్మ "ఏరా?" అంది. వాడు తల వంచుకుని "నాకు ఓకే అమ్మా" అన్నాడు.

అమ్మ ఆనందంతో కళ్లు తుడుచుకుంది. నాన్న లేచి పెద్దాయన్ని కౌగిలించుకున్నాడు. నేను కిరణ్ వైపు చూస్తే, "అందరూ అంత ఆశగా చూస్తుంటే చెప్పలేకపోయానండీ," అని గొణిగాడు. చచ్చు సన్నాసి!

"నాకు ఓకే కాదు. నేను చేసుకోను," అన్నాను, అందరికీ వినబడేలా.

"నిన్నెవరడిగారే ఇక్కడ?" అని నాన్న అరిచాడు. నిజమే, ఎవరూ అడగలేదు. పట్టుచీరావిడ విసురుగా లేచి సంచి సర్దుకుంది. సర్దుకుని ఎక్కడికి పోతుంది? వాళ్ల పడవా బురదలోనే ఉంది. ఈసారి లేచి వెళ్లిపోయే దారి ఎవరికీ లేదు. ఎండలో రెండు కుటుంబాలూ చెరో చెట్టు కింద మొహాలు తిప్పుకుని కూర్చున్నాం. పులిహోర ఎవరూ ముట్టలేదు.

అమ్మ వచ్చి నా పక్కన కూలబడింది. "పరువు తీశావు కదే," అంది.

"నా దగ్గర నువ్వు ఇన్నేళ్లకి ఒక్కటి అడిగావమ్మా. అదీ అబద్ధమేనా?"

"దీవి చూస్తానంటే వచ్చావు. నీ పెళ్లి చూస్తానంటే వచ్చేదానివా?"

ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత తెలివీ నామీదేనా అనిపించింది.

"రేపు నీకు ఒంట్లో బాలేదని నాన్న ఫోన్ చేస్తే, నేను నమ్మాలా వద్దా?" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. నేను మాటవరసకి అనలేదని అర్థమైనట్టుంది. పోటెక్కిందని భూషణం పిలిచాక, ఇస్త్రీ చేయించిన నా పట్టుచీరని సంచి అడుగున కుక్కేసి లేచింది.