ఐడీ లేని పెళ్ళికొడుకు

ఈ కథలో ఆవగింజంత అబద్ధం కలిపినా నా పళ్ళన్నీ రాలిపోవాలి.

అది 2009 వేసవి. అమెరికాలో ప్లేనో అనే ఊరికి గంట దూరంలో ఒక పాత కోర్టు ఉంది. నూరేళ్ళ కిందట అక్కడ పశువుల దొంగలకు శిక్షలు వేసేవారట. ఇప్పుడది మ్యూజియం. శనివారాలు పెళ్ళిళ్ళకు ఇస్తారు. పద్ధతేం పెద్దగా మారలేదు.

జడ్జి బల్ల ముందు పీట మీద దేదీప్య కూర్చుంది. పక్క పీట ఖాళీ. ఎందుకంటే వరుడి తండ్రి వీరభద్రంగారిది రాజవంశం. ఏ రాజ్యమండీ అని అడిగితే ఆయనకు కోపం. ప్రస్తుతం ఏలుతున్నది నాలుగు బెడ్‌రూముల ఇల్లు. అక్కడా గడ్డి ఎంత ఎత్తు పెరగాలో కాలనీ అసోసియేషనే శాసిస్తుంది. అయినా వంశాచారం తప్పదు: రాజు పెళ్ళిమండపానికి రాడు, కత్తిని పంపుతాడు. పిల్ల ఆ కత్తి పక్కన కూర్చుని తాళి కట్టించుకుని రాజుగారి దగ్గరికి వెళ్ళాలి.

దేదీప్య వారం ముందే వరుడు శ్రేయాస్‌కి ఫోన్‌లో తెగేసి చెప్పింది. "నేను నిన్ను మ్యారీ చేసుకుంటున్నా. కత్తి వస్తే లేచి వెళ్ళిపోతా. సీరియస్!"

"డాడీతో మాట్లాడతాలే," అన్నాడు శ్రేయాస్. సన్నీవేల్ ఆఫీసులో ఇరవైమంది ఇంజినీర్లను ఆడించే మొనగాడు, డాడీతో మాత్రం మాట్లాడలేదు.

ముహూర్తం పది నలభైకి. పదింబావుకి కత్తి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఆయుధాలు లోపలికి తేకూడదు," అంది మ్యూజియం చూసుకునే అమెరికన్ ఆవిడ.

"ఇది ఆయుధం కాదు మేడమ్!" వీరభద్రంగారు ఇంగ్లీషులో ఉరిమారు. "పెళ్ళికొడుకు!"

జరీగుడ్డ చుట్టుకున్న పెళ్ళికొడుకును ఆవిడ ఎగాదిగా చూసింది. "అలాగా! అయితే ఐడీ చూపించమనండి. మ్యారేజ్ లైసెన్స్‌లో పేరు ఇతనిదేనా? పార్కింగ్‌లో తలపాగా కుర్రాడొకడు గంట నుంచి కారులో కూర్చున్నాడు. అతనికైతే ఐడీ ఉండొచ్చు."

దేదీప్యకి నవ్వొచ్చింది, ఆ వెంటే కడుపు మండింది. బస చేసిన హోటల్ నుంచి పార్కింగ్ దాకా వచ్చిన శ్రేయాస్ ధైర్యానికి అక్కడ పెట్రోలు అయిపోయిందన్నమాట! మెడలో దండ తీయబోయింది.

"ఆగవే," అంది అమ్మమ్మ దమయంతి. మోకాళ్ళ నొప్పుల వంకతో ఆవిడ ఎక్కి కూర్చున్నది సాక్షాత్తూ జడ్జి కుర్చీలో.

"నేను వెళ్ళి పిలవను అమ్మమ్మా. తనే రావాలి."

"నువ్వెందుకూ? కోర్టు పిలుస్తుంది. మీ తాతయ్య ముప్ఫయ్యేళ్ళు మునసబు కోర్టులో బంట్రోతు. మూడుసార్లు పిలవందే ఏ కేసూ కొట్టెయ్యరు." ఆవిడ కిటికీ వైపు తిరిగి గొంతెత్తింది. "శ్రేయాస్ వారు హాజరు కావాలహో!"

కప్పు మీద పావురాలు లేచిపోయాయి.

"ఏమిటీ అల్లరి? మా వంశంలో..."

"రాజాగారూ, కోర్టులో మాట్లాడకూడదు!" రెండో కేక పడింది. పార్కింగ్‌లో ఇంజిన్ ఆగింది. దేదీప్య చెయ్యి దండ మీదే ఉంది. మూడో కేకకు శ్రేయాస్ రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"డాడీ," అన్నాడు, జేబులోంచి డ్రైవింగ్ లైసెన్స్ తీసి. "ఐడీ నాకుంది."

తండ్రి ఏదో అనేలోపే వచ్చి పీట మీద కూలబడ్డాడు.

"ఇంత లేటా?" అంది దేదీప్య, దండ సర్దుకుంటూ.

"పార్కింగ్ దొరకలేదు."

కత్తిని పాత సంకెళ్ళ పక్కన అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. అతిథులంతా దాని ముందు ఫొటోలు దిగేసరికి వీరభద్రంగారు కొంచెం చల్లబడ్డారు.

సరే, ఒక్కటి కల్పించానని ఒప్పుకుంటాను. మూడు కేకలు లేవు. మొదటి కేకకే పిల్లాడు చెప్పులు కారులో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఉన్నదున్నట్టు చెబితే రాజవంశం పరువేం కానని రెండు కేకలు కలిపాను. పళ్ళంటారా? అవెప్పుడో రాలాయి. ఇవి కట్టుడువి.