తోడు డబ్బా

మూడో ట్యాంకు అడుగున గొంతుక్కూర్చుని వదిన గోడకు పట్టిన గడ్డి జిగురు గీకుతోంది. పొద్దున్నుంచి రెండు ట్యాంకులు అయ్యాయి. నడుము ఎప్పుడో ఆమె మాట వినడం మానేసింది. పైన గుండ్రటి కంతలోంచి ల్యాబ్ అమ్మాయి తల లోపలికి పెట్టింది.

"వదినా, పైకి రా. డైరెక్టర్ గారు పిలుస్తున్నారు."

"సగంలో ఉందమ్మా. కడిగేసి వస్తా."

"ఇప్పుడే రమ్మన్నారు." అమ్మాయి గొంతు తగ్గించింది. "డబ్బా దొరికింది."

వదిన చేతిలోని ఇనప బద్ద జారి ఖంగుమని మోగింది.

ఆమె అక్కడ అందరికీ వదినే. బాయిలర్ దగ్గర పనిచేసే మరిది అలా పిలిచేవాడు. అది విని షెడ్డంతా అందుకుంది, చివరికి హాజరు వేసే గుమాస్తాతో సహా. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ట్యాంకులు కడుగుతోంది. రోజుకు నాలుగు వందలు, రాని రోజు సున్నా.

ఆ ఫ్యాక్టరీలో జరిగేది చెప్పడానికి తేలికే. గడ్డీ మొక్కజొన్న దంట్లూ ఆవిరిలో ఉడికించి, సున్నం కలిపి పులుపు చంపి, ఆ రసంలో బ్యాక్టీరియాను వదులుతారు. మామూలు బ్యాక్టీరియాకు గడ్డిలోని చక్కెరలన్నీ తినడం చేతకాదు. అందుకని డైరెక్టర్ దాని జన్యువులు మార్చి, అన్నీ తిని బండ్లకు పోసే ఇథనాల్ ఇచ్చేలా తయారు చేశాడు. పేపర్లో ఆయన ఫొటో కూడా పడింది. కాకపోతే ఆ బ్యాక్టీరియా ల్యాబులో శుభ్రమైన చక్కెర నీళ్లు తాగి పెరిగిన సుకుమారి. అసలు గడ్డి రసంలోని ఘాటుకు రెండో రోజే చతికిలబడేది.

వదినకు జన్యువులు తెలియవు. తోడు తెలుసు. ఎప్పుడో ఒక ట్యాంకు మహా బాగా పొంగితే, కడిగేటప్పుడు అడుగున మిగిలినది పారబోయడానికి చెయ్యి రాక ఇంటి నుంచి తెచ్చిన డబ్బాలోకి పట్టుకుంది. పాలు తోడుకున్న గిన్నెలోంచి రేపటికి కాస్త తీసిపెట్టని ఇల్లాలు ఉంటుందా? చీపుళ్ల గదిలో వేడినీళ్ల గొట్టం పక్కన దాచి, రోజూ సగం పారబోసి సగం కొత్త రసం పోస్తూ వచ్చింది. ల్యాబ్ వాళ్లు తమ సీసా పోసి వెళ్లాక, ఎవరూ చూడకుండా తన డబ్బాలోది కూడా వంపేది. అడుగున కాస్త ఉంచుకుని మళ్లీ పెంచేది. ఏడాదిన్నరలో డబ్బాలోది ఆ ఘాటుకు రాటుదేలింది. ట్యాంకులు పొంగుతూనే ఉన్నాయి.

ఒక్కసారి తప్ప. రెండు నెలల కిందట ఆమెకు జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. ఆ రోజుల్లో మొదలుపెట్టిన ట్యాంకు చచ్చింది. బాయిలర్ వేడి ఎక్కువై బ్యాక్టీరియా మాడిపోయిందని డైరెక్టర్ తేల్చేశాడు. మరిదిని గేటు బయట పెట్టారు.

"బాయిలర్ ముల్లు ఎర్ర గీత దాటలేదు వదినా, నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు అతను.

ఆమెకు తెలుసు. నోరు విప్పితే తన పని కూడా పోతుంది. "ఏదో ఒకటి దొరుకుతుందిలే నాయనా," అని లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు మరిది మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు. తోడికోడలు రెండిళ్లలో అంట్లు తోముతోంది. పక్క వాటాలో, గోడకు అవతల మరిది నడుం నొప్పికి మూలిగితే ఇవతల ఈమెకు ముద్ద దిగదు.

డైరెక్టర్ కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్నాడు. డబ్బా బల్ల మీద ఉంది.

"ఇందులో నీకు తోడెవరు?"

"అదే సార్ తోడు. డబ్బాలో ఉంది."

"వేళాకోళమా? నీతో ఇంకెవరున్నారని అడుగుతున్నా!"

ల్యాబ్ అమ్మాయి నవ్వు ఆపుకుంది. "పాలకు వేసే తోడు సార్, అలా దాచుకుంది," అని ఆయనకు చెప్పి, వదిన వైపు తిరిగింది. "మొన్నే నీ డబ్బాలోంచి చెంచాడు తీసి పరీక్ష పెట్టాను. మా దానికి రెట్టింపు ఇథనాల్ ఇస్తోంది వదినా. మా సీసా ఒక్కటే పోస్తే చచ్చిపోతోంది."

డైరెక్టర్ కూర్చున్నాడు. గొంతులోకి ఎక్కడలేని తీపి వచ్చింది. ఒక కాగితం ముందుకు జరిపాడు.

"సంతకం పెట్టు. ఒకటో తారీకు నుంచి నువ్వు పర్మనెంట్. నెల జీతం, సెలవులు, మందుల ఖర్చు, అన్నీ. రేపు ఈ బ్యాక్టీరియా కొనేవాళ్లు వస్తున్నారు. నాలుగో ట్యాంకు పొంగుతూ కనబడాలి. రసం నింపి ఉంచాం, గంటలో ఈ డబ్బా అందులో పడకపోతే పాడైపోతుంది."

వదిన కూడబలుక్కుని చదివింది. ల్యాబ్ డైరెక్టర్ గారి ఆదేశం మేరకు, ఆయన చెప్పిన పద్ధతిలోనే, ఈ బ్యాక్టీరియాను పెంచి భద్రపరిచాను. అంతే. కింద ఆమె పేరుకు చోటు.

అబద్ధం ఎందుకు, ఆమెకు ఆశ పుట్టింది. పర్మనెంట్ అన్న మాట కోసం తొమ్మిదేళ్లు ఎదురుచూసింది. పెన్ను అందుకుంది. చెయ్యి తడిగా ఉందని బట్టకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"మీరు చెబితేనే చేశానంటే, నేను రాని నాలుగు రోజులూ మీరెందుకు వెయ్యలేదు సార్?"

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఆ నాలుగు రోజుల్లోనే మా మరిది పని పోయింది."

ల్యాబ్ అమ్మాయి తల దించుకుంది.

"ట్యాంకు తోడు లేక చచ్చింది, వేడికి కాదు. నాకు అప్పుడే తెలుసు. నోరు మూసుకున్నా. అది నా తప్పు, రాయండి, సంతకం పెడతా. బాయిలర్ తప్పు లేదని కూడా అందులోనే రాయండి."

"అలా రాస్తే నా బ్యాక్టీరియా పనికిరాదని నేనే ఒప్పుకున్నట్టు!" నోరు జారానని తెలిసి డైరెక్టర్ ముఖం కందిపోయింది. "డబ్బా కంపెనీది. అక్కడ పెట్టి వెళ్లు."

"డబ్బా మా ఇంటిది సార్. లోపలున్నది మీరు దాచమన్నదే అయితే, దొరికిందని పిలిపించారెందుకు?"

పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఆ గదిలో ఆమె ఏనాడూ కూర్చోలేదు. కుర్చీ లాక్కుని తడి బట్టలతోనే కూర్చుంది. డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మా మరిది మార్కెట్లో ఉంటాడు. పిలిపించండి. అతని ముందే రాద్దాం. అంతదాకా తోడు వెయ్యను."

"టైం అయిపోతోంది సార్," అంది ల్యాబ్ అమ్మాయి మెల్లగా. ఆ మాట ఎవరి తరఫున అందో డైరెక్టర్‌కు అర్థం కాలేదు. ఆయన ఫోను ఎత్తాడు, పెట్టేశాడు, మళ్లీ ఎత్తాడు.

వదిన డబ్బా మూత మీద చెయ్యి ఆనించింది. వదులు మూత కింద బుడగలు ఒక్కొక్కటే లేచి అరచేతికి తగులుతున్నాయి. ఆమె లేవలేదు.