పదో స్తంభం

నాలుగో కరెంటు స్తంభం దాటగానే కుల్సుం ఖాళీ బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. నీళ్లకు పోవడం లేదామె. డాక్టరు నడవమన్నాడు, నడుస్తోంది. బిందె లోకం కోసం. పరుపులు కుట్టి బతికే నలభై ఏళ్ల ఆడది పొద్దున్నే చేతులూపుకుంటూ షికారు పోతే గురజాల ఊరుకుంటుందా?

రెండేళ్ల కిందటి జ్వరం వారానికే పోయింది. నీరసం మాత్రం ఇల్లరికపు అల్లుడిలా తిష్ఠ వేసింది. చెంబెత్తినా చేతులు లాగేవి. రాత్రంతా నిద్రపోయినా తెల్లారేసరికి ఒళ్లు పచ్చిపుండు. అందరూ బద్ధకమన్నారు. జబ్బు కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. నరసరావుపేట డాక్టరొక్కడే నమ్మాడు.

"దీనికి నడకే మందమ్మా. వారానికొక స్తంభం పెంచు. ఒళ్లు బాగుందని ఎక్కువ నడవొద్దు, బరువు అసలే ఎత్తొద్దు. పదో స్తంభం చేరాక పనికి పో."

నాలుగు వారాలకు నాలుగో స్తంభం చేరింది, ఒళ్లు కాస్త తేలికపడింది. అయితే పెళ్లిళ్ల రోజులొచ్చాయి. ఆమె చోటును బుధవారం దాకానే ఆపగలనన్నాడు పరుపుల కొట్టు హబీబ్. ఇవాళ బుధవారం. కొట్టు పదో స్తంభం దగ్గరుంది.

ఆరో స్తంభం దగ్గర నాపరాళ్ల లారీ తీయబోతున్న బ్రహ్మయ్య కేకేశాడు.

"ఏందే కుల్సుమా, బండి తీసే ఏళకి ఖాళీ బిందెతో ఎదురొస్తివి? నిండు బిందెతో రా తల్లీ, నీకు పున్నెముంటది!"

ఊరికే నడుస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుపడి పక్కనున్న బోరింగు కొట్టి బిందె నింపింది, లారీకి ఎదురు నడిచింది. బ్రహ్మయ్య దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు. పల్నాటి ఎండల్లో నీళ్లు పారబోసే చెయ్యి కాదు ఆమెది. నిండు బిందెతోనే కొట్టు చేరింది.

"వచ్చావా! నా చెల్లెలు గట్టిది," అని హబీబ్ సంబరంగా పెళ్లివారి పరుపు ముందేశాడు.

జానెడు కుట్టింది. ఆ తర్వాత గుడ్డలో దిగిన దబ్బనం పైకి రాలేదు. రెండు చేతులా లాగింది. కళ్లకు చీకట్లు కమ్మాయి.

"రేపు చూద్దాంలే," అన్నాడు హబీబ్.

"రేపు లేవలేనన్నా. నాకు తెలుసు. ఇంకో మనిషిని పెట్టుకో. బద్ధకమని మాత్రం అనబాక."

హబీబ్ తల వంచుకుని రిక్షా పిలిచాడు. కుల్సుం మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు. మర్నాడు అబిదా అనే కొత్తమనిషి తన దబ్బనంతో ఆ పరుపును అవతలి వైపు నుంచి కుట్టుకుంటూ వచ్చి, చివరి మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ సగం గుడ్డలో, సగం బయట, ఎర్రదారం వేలాడేసుకుని కుల్సుం దబ్బనం ఉంది.