మనీష్ తాయెత్తు

చొక్కా చెయ్యి పర్రున చిరిగింది. మోచేతి పైన కట్టుకున్న నల్లదారం, దానికి వేలాడుతున్న వెండి తాయెత్తు బయటపడ్డాయి. రఘునందన్ చెయ్యి లాక్కోబోయాడు గానీ గోదాం మనిషి ఎంకటి పట్టు వదల్లేదు. ఎండ నడినెత్తిన ఉంది. రేకుల కింద పసుపు ధూళిలో కూర్చుని పొడుగాటి పసుపు కొమ్ములు, గుండ్రటి గోళ వేరుచేస్తున్న ఆడకూలీలంతా చేటలు ఆపి చూశారు. వాళ్లలో రఘు తల్లి సీతాబాయి కూడా ఉంది. ఆమెకు సద్ది ఇచ్చి పోదామని వచ్చి వాడు ఇలా దొరికిపోయాడు.

గోదాం యజమాని ముత్తెన్న కుర్చీలోంచి లేవలేదు. ఆయన వాడ కమిటీకి పెద్ద కూడా, కాబట్టి ఫిర్యాదూ ఆయనకే, తీర్పూ ఆయనదే. తాయెత్తు పోగొట్టుకున్న మనీష్‌ని పిలుచుకు రమ్మని కబురు పంపాడు. అందరి ముందు మనీష్ కాళ్లు పట్టుకుని తప్పయిందని చెబితే సరి, లేకపోతే పోలీసులకు అప్పగిస్తానన్నాడు. సీతాబాయి కూడా రేపటి నుంచి పనికి రానక్కర్లేదన్నాడు. రఘుకు పదో తరగతి పరీక్షలు ముంగిట్లో ఉన్నాయి. ఆర్మూర్లో ఒకసారి దొంగ అనిపించుకున్నవాడికి బడిలో బెంచీ, తల్లికి ఇంకో గోదాంలో చేట దొరకడం కష్టమే.

లోకానికి అది వెండి దొంగతనం. వాడికి మాత్రం వెండి ధ్యాసే లేదు. వాడు ఎత్తుకొచ్చింది మనీష్ నిద్రని, కనీసం వాడు అలాగే అనుకున్నాడు.

సీజను మొదలైన కొత్తలో సంగతి ఇది. ఆ రోజు బడికి సెలవు. మనీష్ తండ్రితో పాటు పసుపు ట్రాక్టరెక్కి వచ్చాడు. రఘు ఎప్పటిలాగే తల్లి కోసం వచ్చాడు. ఒక తరగతి వాళ్లు, ఒక ఫోను ముందు తలలు ఆనించి బస్తాల వెనక ఆటలో పడ్డారు. ఆడకూలీలు బువ్వకు బయటికి పోయిన వేళ అవతల కేకలు వినిపిస్తే సందులోంచి చూశారు. ఒక బస్తా తగ్గిందని హమాలీ కాశీరాంని తూకం స్తంభానికి కట్టేసి పార కట్టెలతో కొడుతున్నారు. ముత్తెన్న పక్కనే నిలబడి చూస్తున్నాడు. కాశీరాం మొదట తెలుగులో బతిమాలాడు. చివరికి మరాఠీలో నీళ్లు అడిగాడు. ఆ మాట అక్కడ అర్థమైంది ఇంట్లో మరాఠీ మాట్లాడే రఘు ఒక్కడికే. తనకు వచ్చిన చాయ్‌లో సగం సాసర్లో పోసి రఘుకు ఇచ్చే మనిషి కాశీరాం. ఆ వారంలోనే దవాఖానలో చనిపోయాడు. లారీ మీది నుంచి జారిపడ్డాడని చెప్పారు, అందరూ సరేనన్నారు.

పిల్లలిద్దరూ నోరు విప్పలేదు. కానీ మనీష్ నిద్రలో కొట్టొద్దని కెవ్వుమని అరవసాగాడు. దాంతో వాడి రాత మారిపోయింది. పిల్లాడు జడుసుకున్నాడని నాయనమ్మ లసుమవ్వ పసుపు, సున్నం కలిపి రోజూ ఎర్రనీళ్లు దిగదుడిచింది. తాయెత్తు కట్టించింది. తల్లి స్వర్ణలత పొద్దున్నే తల నిమిరి "నిద్ర పట్టిందా బిడ్డా?" అని అడిగేది. ముత్తెన్న స్వయంగా యాపిల్ పళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. ఎవడ్నీ ఎవడూ కొట్టలేదని, అదంతా పీడకలని, మరిచిపొమ్మని పిల్లాడి వీపు నిమిరి మరీ చెప్పి వెళ్లాడు. ఎర్రనీళ్లలో కలిపిన పసుపు కూడా ఆయన పంపిందే.

ఇదంతా రఘు గోడ అవతల నిలబడి చూశాడు. చూసి కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. ఆ పళ్ల మీద ఈర్ష్య, ఆ ఎర్రనీళ్ల మీద ఈర్ష్య, అన్నిటికన్నా ఆ పొద్దుటి పలకరింపు మీద ఈర్ష్య. తనూ చూశాడు కదా. తనకూ కళ్లు మూస్తే పార కట్టె చప్పుడే కదా. సీతాబాయి చీకటి పడేసరికి నడుము విరిగి ఇంటికి చేరి, తిన్నచోటే నిద్రపోయేది. ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు. పైగా ఆమె కూలి చేసేది ఆ గోదాంలోనే.

బడిలో అదే తంతు. తలుపు ధడాలున పడితే మనీష్ వణికిపోయేవాడు, సారు వాడికి మంచినీళ్లు తెప్పించేవాడు. అదే చప్పుడుకు రఘు చెయ్యి లేచేది, పక్కనున్న శివ మూతి పగిలేది. దాంతో ఒకడు పాపం అనిపించుకున్నాడు, ఇంకొకడు రౌడీ అయ్యాడు. రఘు తాత మహారాష్ట్రలోని దెగ్లూర్ నుంచి వచ్చి ఇక్కడే మట్టిలో కలిశాడు. అయినా మనవడు ఏదైనా చేస్తే మాత్రం మరాఠోళ్ల బుద్ధే అంత అనేవారు. వాడి కడుపుమంట ఎంత పెరిగిందంటే, ఒకప్పటి దోస్తు ఎదురొస్తే దారి తప్పుకుని పోయేవాడు.

మొన్న ఆటల పీరియడ్‌లో మనీష్ తాయెత్తు విప్పి సంచిలో పడేసి వెళ్లాడు. ఎందుకు విప్పాడో రఘు ఆలోచించలేదు. తీసుకుని కట్టుకున్నాడు. కట్టుకుని పడుకుంటే నిద్ర రాలేదు. మంత్రం ఇంకా పనిలోకి దిగలేదేమో అనుకున్నాడు పిచ్చివాడు.

లసుమవ్వ మనవణ్ణి వెంటబెట్టుకుని గోదాంకు వచ్చింది. ముత్తెన్న రఘు చేతి తాయెత్తు విప్పించి, "చెయ్యి చాపు బిడ్డా, కట్టిస్త" అన్నాడు మనీష్‌తో.

మనీష్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకద్దు పెద్దబాపు. గది కట్టుకున్నా నిద్ర వస్తలేదు. గందుకే ఇప్పి పడేసిన."

రఘు తలెత్తి దోస్తు మొహం చూశాడు. కళ్ల కింద నల్లగా ఉంది, అచ్చం అద్దంలో తను చూసుకునే మొహంలాగే. ఇన్నాళ్లూ ఏ నిద్రను చూసి కుళ్లుకున్నాడో అది మనీష్ దగ్గరా లేదు. అయినా ఒళ్లు మండింది. ఇప్పుడు కూడా అందరూ మనీష్‌నే చూస్తున్నారు, లసుమవ్వ వాడి నుదురే తడుముతోంది.

ముత్తెన్న మొహం మాడ్చుకుని రఘు వైపు తిరిగాడు. సీతాబాయి కొడుకు మెడ మీద చెయ్యి వేసి కిందికి వంచుతూ, "మొక్కు బిడ్డా, తప్పయిందను, సేటు ఇడిచిపెడ్తడు" అని బతిమాలింది. ఆమె అరచేతి పసుపు వాడి మెడకు అంటుకుంది. వాడు వంగలేదు.

"ఎందుకు తీసినవ్‌రా?" అన్నాడు ముత్తెన్న.

వాణ్ణి ఇన్నాళ్లలో ఎవరైనా ఎందుకని అడగడం ఇదే మొదలు.

"నిద్ర కోసం తీసిన."

"నీకేం జడుపురా?"

తల్లి వేళ్లు మెడ మీద బిగిశాయి. వద్దు అని చెబుతున్నాయి.

"గా దినం నేను గూడ ఆడనే ఉన్న. కాశీరాం మామ లారీ మీదికెళ్లి పడలే. గా తూకం కాడ కట్టేసి కొట్టిన్రు. మీరు ఆడనే నిలబడ్డరు."

ముత్తెన్న కుర్చీలోంచి లేచాడు. అబద్ధమని, పిల్లాడికి మతి చెడిందని అరిచాడు. ఎర్రనీళ్లు తెప్పించమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మనీష్, నాయనమ్మ చెయ్యి విడిపించుకుని వచ్చి రఘు పక్కన నిలబడ్డాడు.

సీతాబాయి చెయ్యి మెడ మీది నుంచి జారింది. ఆమె ముత్తెన్న వైపు చూడలేదు. కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఇంట్లో మాట్లాడే మరాఠీలో, మెల్లగా అడిగింది.

నిద్ర పడతలేదారా బిడ్డా, అని.

ఎవరైనా అలా అడిగితే ఏం చెప్పాలో రఘు ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాడు. తీరా అడిగితే ఏడుపొచ్చింది. ముత్తెన్న పని మొదలుపెట్టమని ఆడవాళ్ల మీద కేకలు వేశాడు. ఒక్కరూ చేట ముట్టుకోలేదు. వాళ్ల చూపులన్నీ తూకం స్తంభం మీద ఉన్నాయి.