ఇరవై ఒకటో చుట్టు

వీరబ్రహ్మం గారు కడియంలో మూడెకరాల నర్సరీకి యజమాని. 2003 వేసవిలో ఆయన టీ కొట్టు దగ్గర పదిమంది వింటుండగా, మోటార్లకు వైండింగు చేసే సత్తియ్య తన నర్సరీ మోటారులో రాగి తీగ తగ్గించి చుట్టి, మిగిలింది దాచుకున్నాడని అన్నారు. చివరి మడులకు నీరు ఎక్కకపోవడమే ఆయన చూపిన సాక్ష్యం. ఆనాటి నుండి సత్తియ్య కొట్టుకు మోటారు తెచ్చినవారు లేరు.

ముప్పై ఏళ్లు సైన్సు బోధించిన నాకు విచారణ లేని శిక్ష సహించరానిది. చుట్లు లెక్కించాలంటే తీగంతా కోసి పారవేయాలి. అందుచేత, కాకినాడలో ఎం.టెక్. చదువుతూ సెలవులకు వచ్చిన మా తమ్ముడి కూతురు ఉమాశ్రీకి తీగ కోయకుండా లెక్క తేల్చే పని అప్పగించి, వీరబ్రహ్మం గారినీ సత్తియ్యనూ మా ఇంటికి పిలిపించాను.

ఉమాశ్రీ మోటారు కొలతలు తీసుకుని, దాని అడ్డుకోత బొమ్మను కంప్యూటరులో గీసి, వేల చిన్న త్రికోణాలుగా విడగొట్టింది. ఒక్కొక్క త్రికోణంలో అయస్కాంత బలం ఎంతో లెక్కకట్టి కంప్యూటరు రంగులు పూసింది.

వీరబ్రహ్మం గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఇది మోటారాండి, కోసిన బత్తాయాండి?"

"మోటారేనండి. ఎర్రగా ఉన్నచోట అయస్కాంతం ఎక్కువండి," అంది ఉమాశ్రీ.

"నేనింకా రాగి పోయింది అక్కడే అనుకున్నానండి."

నేను కళ్లద్దాల పైనుంచి చూడగా ఆయన సర్దుకుని కూర్చున్నారు.

పంపు విప్పి మోటారును ఖాళీగా తిప్పినప్పుడు ఆయన ఎలక్ట్రీషియను స్వయంగా కొలిచిన కరెంటు మూడు ఆంపియర్లు. కంపెనీ లెక్క ప్రకారం కాయిలుకు ఇరవై చుట్లు ఉండాలి. ఇరవై చుట్లకు కంప్యూటరు మూడున్నర చూపింది, పద్దెనిమిదికి నాలుగున్నర.

"చుట్లు తగ్గితే కరెంటు పెరగాలత్తా. ఇక్కడ తగ్గింది. ఇరవై ఒకటి పెడితే సరిగ్గా మూడొస్తోంది."

అందరం సత్తియ్య వైపు తిరిగాము. అతడు తలగుడ్డ నలుపుతూ నిలబడ్డాడు.

"తలుపులమ్మ తల్లి పేరు మీద కాయిలుకో చుట్టు ఎక్కువేస్తానండి. మా నాన్నా అంతేనండి."

"ఆ తీగ ఎవరిది?" అని అడిగాను.

"నాదేనండి."

"చుట్టు ఎక్కువైతే అయస్కాంతం తగ్గుతుంది. నీ భక్తికి మోటారు నీరసించిపోయిందయ్యా," అని ఉమాశ్రీ నవ్వింది.

నేను నవ్వలేదు. "వీరబ్రహ్మం గారూ, దొంగ అన్నచోటే తప్పు ఒప్పుకోండి. సత్తియ్యా, నువ్వు ఇరవై చుట్లతో మళ్లీ చుట్టు. అమ్మవారికి దండం ఆవిడ గుడి ఉన్న లోవ కొండ మీద పెట్టుకో."

మర్నాడు టీ కొట్టు దగ్గర వీరబ్రహ్మం గారు, "పొరపాటు నాదండి. సత్తియ్య తీగ తియ్యలేదు, తన తీగే కలిపాడు," అన్నారు. మొదటిసారి ఎవరికీ వినబడలేదు, మళ్లీ చెప్పించాను.

సత్తియ్య పనిముట్లతో నర్సరీకి వెళ్లి మోటారు విప్పబోగా ఆయనే చెయ్యి అడ్డుపెట్టారు.

"అమ్మవారి చుట్టు తీయించానన్న మాట నాకొద్దయ్యా. మడులే ముందుకు జరుపుకుంటాను."

ఆ మధ్యాహ్నమంతా కూలీలు క్రోటన్ మొక్కలను పంపు దగ్గరకు మోస్తూనే ఉన్నారు. సత్తియ్య సాయం పట్టలేదు. అతని కొట్టు ముందు అప్పటికే రెండు మోటార్లు దిగాయి.